అబ్బాయిరాజు నవ్వు

సినిమా అయిపోయి లైట్లు వెలిగేసరికి హాల్లో సగం మంది లేచి నిలబడి ప్రొజెక్టర్ గది వైపు చూస్తూ తిడుతున్నారు. రీళ్లు తారుమారు చేశావని ఒకాయన, ఆఖరి రీలు మింగేశావని ఇంకొకాయన. కుసుమకుమారి అయితే కుర్చీ చేతిని అరచేత్తో బాదుతోంది.

పదేళ్ల తర్వాత సొంత ఊరు చేరిన మనిషికి, తన ఇంట్లో తన పేరుతోనే ఇంకొకడు కాపురం చేస్తూ కనిపిస్తాడు. చివర్లో ఇద్దరూ ఒకే పడవెక్కి చెరువులోకి వెళతారు. ఒక్కడే తిరిగొస్తాడు. ఆ వచ్చింది ఎవరో చెప్పకుండానే తెర నల్లబడింది. అదీ కథ.

"ఎవడొచ్చాడో చెబితే వీళ్ల సొమ్మేం పోయింది?" అంది కుసుమకుమారి మెట్లు దిగుతూ. తనకి అర్థం కాకపోయినా బాగుందని సుగ్రా నవ్వింది. ఆ నవ్వు చూసి కుసుమకుమారికి ఇంకా మండింది.

ఇద్దరూ ఏలూరులో ఒకే బళ్లో చదువుకున్నారు. ఇప్పుడు ఇద్దరిదీ తాడేపల్లిగూడెం. కుసుమకుమారి భర్తతో కలిసి నూనె కొట్టు చూసుకుంటుంది. అదే బజారులో సుగ్రాకి ఆడవాళ్ల బట్టలు కుట్టే షాపు ఉంది. ఆ రోజు వాళ్లు ఏలూరు వచ్చింది సినిమా కోసం కాదు. సుధాలహరి ఆర్కెస్ట్రా పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ స్టేజి ఎక్కుతోందని తెలిసి వచ్చారు. షో అయిదింటికి. అందాకా పొద్దు పోవాలి కనక మార్నింగ్ షోకి వెళ్లారు.

సుగ్రా తండ్రి జుబేర్ ఆ ఆర్కెస్ట్రా వాళ్లకి కోట్లు కుట్టేవాడు. కొలతలకి వచ్చినప్పుడల్లా గాయకుడు అబ్బాయిరాజు కూనిరాగాలు తీస్తుంటే ఆమె తలుపు చాటున నిలబడి వినేది. కొల్లేటికోట ఎజ్రా ఆర్కెస్ట్రాలో అకార్డియన్ వాయించేవాడు. కొల్లేటి పక్షుల మీద అతను కట్టిన పాటంటే ఆమెకి ప్రాణం. ఆ పాట స్టేజి మీద పాడుతుండగా ఎవరో రికార్డు చేసిన క్యాసెట్ ఇప్పటికీ ఆమె దగ్గరుంది. రెండో చరణంలో అకార్డియన్ ఒక్క క్షణం ఆలస్యంగా అందుకుంటుంది. అబ్బాయిరాజు పాడుతూనే చిన్నగా నవ్వేస్తాడు. వెనక జనంలో ఒక పసిపిల్ల ఏడుపు. మిషను తొక్కుతూ ఎన్ని వేలసార్లు విందో ఆమెకే తెలియదు.

కల్యాణ మండపం కిటకిటలాడింది. తెర లేవగానే ఈలలు. తెల్ల కోటులో అబ్బాయిరాజు, పక్కన నెరిసిన జుట్టుతో ఎజ్రా. సుగ్రాకి కళ్లు చెమర్చాయి. మూడో పాటగా పక్షుల పాట అందుకున్నారు. పద్నాలుగేళ్లైనా గొంతు ఇసుమంత కూడా చెడలేదని వెనక సీట్లో ఎవరో అంటున్నారు. ఆమె కూడా అదే అనుకుంది.

రెండో చరణం వచ్చింది. అకార్డియన్ ఆలస్యమైంది. అబ్బాయిరాజు నవ్వాడు. పసిపిల్ల ఏడ్చింది.

సుగ్రా వెనక్కి తిరిగి చూసింది. ఆ దరిదాపుల్లో చంటిపిల్లలెవరూ లేరు. స్టేజి మీదకి పరీక్షగా చూస్తే, ఎజ్రా వేళ్లు అకార్డియన్ మెట్ల మీద పరుగులు పెడుతున్నాయి గాని, గాలి తిత్తిని మూసి ఉంచే తోలు పట్టీ బిగించినది బిగించినట్టే ఉంది. గాలి పీల్చని పెట్టె ఎలా పలుకుతుంది? ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ చప్పట్లు మోగిపోతుంటే రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది.

షో అవగానే, కుసుమకుమారి ఆపుతున్నా వినకుండా స్టేజి వెనక్కి వెళ్లింది. అబ్బాయిరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. గుర్తుపట్టి ఆప్యాయంగా పలకరించాడు, నువ్వు జుబేర్ గారి అమ్మాయివి కదమ్మా అని.

"ఇందాక పాడింది మీరు కాదండీ," అంది సుగ్రా.

"నా గొంతే కదమ్మా అది."

"అప్పటి మీ గొంతండీ, నా క్యాసెట్లో ఉన్నది. ఇప్పటి మీరు ఊరికే నోరు కదిపారు. మేం ఎక్కడెక్కడి నుంచో వచ్చింది నోరు చూడ్డానికా?"

ఆయన మొహం నల్లబడింది. ఎజ్రా పెట్టె సర్దుతూ తల ఎత్తలేదు. గొంతుకి ఆపరేషన్ అయ్యాక శ్రుతి నిలవడం లేదని, జనం సంతోషపడుతుంటే తప్పేముందని అబ్బాయిరాజు నచ్చజెప్పబోయాడు. ఆమె కదల్లేదు. చివరికి ఆయనకీ కోపం వచ్చింది. "వింటావా అయితే," అని అక్కడే నిలబడి పల్లవి ఎత్తుకున్నాడు. రెండు మాటలకే గొంతు జీరపోయింది. పైకి వెళ్లబోయి చీలింది. అయినా ఆపకుండా పల్లవి పూర్తి చేశాడు. ఎజ్రా చేతిలో పని వదిలేసి ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఇదే పాడి ఉండాల్సిందండీ."

"ఇది ఎవరు వింటారమ్మా?"

"ఒక్కసారైనా వినిపించి చూశారా మీరు?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని అటు తిరిగాడు.

బస్సు ఉంగుటూరు దాటగానే కుసుమకుమారి ఒక్కసారిగా మొదలెట్టింది. అంత పెద్దాయన్ని నలుగురిలో అలా నిలదీస్తారా అంది. "సినిమా అర్థం కాలేదని నేను గోల పెడితే నవ్వావు. ఇక్కడ అందరూ హాయిగా వింటుంటే నువ్వొక్కదానివే చెడగొట్టుకున్నావు. నీ బాధేంటో నాకు తెలీదే."

"సినిమావాడు చెబుతానని మాటివ్వలేదు. వీళ్లు పాడతామని పిలిచారు," అంది సుగ్రా. కుసుమకుమారి లేచి ముందు సీట్లోకి వెళ్లి కూర్చుంది. గూడెంలో దిగి ఎవరిదారిన వాళ్లు ఇళ్లకి పోయారు.

వారం తిరిగేసరికి బజార్లో మైకు కట్టిన ఆటో వచ్చింది. ఆదివారం పెంటపాడులో సుధాలహరి వారి షో అట, తప్పక రమ్మంటున్నారు. సుగ్రా కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి రోడ్డు మీదకొచ్చి ఆటో ఆపించింది. మైకు పట్టుకున్న నడివయసు మనిషిని, అబ్బాయిరాజు గారు స్వయంగా పాడతారా అని అడిగింది.

"ఆయనే వస్తున్నారండీ."

"వచ్చేది కాదండీ నేనడిగింది. పాడేది."

అతనికి ఆ తేడా బోధపడలేదు. మర్యాదగా ఒక కాగితం చేతిలో పెట్టి, ఆటో పోనిమ్మని చెప్పి మళ్లీ మైకు అందుకున్నాడు. సుగ్రా ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, లోపలికొచ్చి, మిషను గట్టిగా తొక్కింది. సూది విరిగింది.