ఎవరూ అడగని వయసు కాగితం

నారప్పకు జాబితాలంటే మహా ఇష్టం. వేరుశనగకాయల వ్యాపారి కదా, ఏ మూట ఎక్కడుందో రాసుకోనిదే ఆయనకు అన్నం సహించదు. కన్నడ సీమలో చేరిన మా పావగడలో విద్యార్థి సహాయ సంఘానికి కార్యదర్శి ఆయనే. పాఠాలు జరిగే గోదాము ఆయనదే. ఏడాదికోసారి పెట్టే సన్మాన సభకు పెళ్ళిపెద్దా ఆయనే. నేను ఆ సంఘంలో ఊరికే పాఠాలు చెప్పే అయివారిని. పేరు లక్ష్మీనరసింహ. రోజూ పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా, కాయల ధూళికి తుమ్ముకుంటూ, లోయర్ సెకండరీ పరీక్షకు కట్టే పిల్లలకు లెక్కలూ కన్నడమూ చెప్పేవాణ్ణి. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లల చేత పరీక్షంతా కన్నడంలో రాయించడమంటే మాటలు కాదు. అందుకని నా మీద నాకు కొంచెం గొప్ప కూడా ఉండేది.

ఆ ఏడు, అంటే 1936లో, నేను పంపిన ఏడుగురికి ఏడుగురూ ప్యాసయ్యారు. వాళ్ళలో గుండమ్మకు లెక్కల్లో నూటికి తొంభై ఒకటి. కార్తీకంలో సభ పెట్టాలని నారప్ప నిశ్చయించి, నన్ను పిలిచి జాబితా రాయమన్నాడు. ముందు ప్యాసైన పిల్లలు. తర్వాత సంఘానికి చేయూతనిచ్చినవాళ్ళు: బల్లలు చేసిచ్చిన వడ్రంగి, సుద్దముక్కలు తెప్పించే పోస్టుమాస్టరు, పిల్లలకు రోజూ కుండలో నీళ్ళు పోసే దాసమ్మ.

"ఇంకో ఇద్దుర్ని రాయప్పా," అన్నాడు నారప్ప. "నిడుగల్లు బొమ్మన్న. నిడుగల్లు ముత్తక్క."

"వాళ్ళెవరండీ?"

"నీ శిష్యురాలి నాయనే నీకు తెలీదా? ఓబక్క నాయనప్పా, గొర్రెలు మేపుకొనే మనిషి. పాప వయసు కాగితం కోసం ఆయప్ప పడిన పాట్లు వింటే నీకు కండ్లల్లో నీళ్ళు వస్తాయి. తాలూకా కచేరీకి నాలుగు మాట్లు వచ్చినాడంట. ఈడ కాదు పొమ్మంటే మధుగిరి పెద్ద కచేరీకి రెండు మాట్లు నడిచి పొయ్యినాడంట. కడాకు, పాపకు పురుడు పోసిన ముసిలామెను, ఈ ముత్తక్కను, బండిలో కూచోబెట్టుకోని వచ్చి సాక్షి చెప్పిచ్చినాడు. ఇట్లాంటోళ్ళకు కాకపోతే ఇంకెవురికి ఏద్దాము దండ?"

నేను రెండు పేర్లూ రాశాను. రాస్తుంటే చెవులు వేడెక్కాయి.

ఆ కాగితం ఏ ఆఫీసూ అడగలేదు. అసలు ఓబక్క దరఖాస్తు ఏ ఆఫీసుకూ వెళ్ళలేదు. అది మా ఇంట్లో, నా ట్రంకుపెట్టెలో, పాత చొక్కాల కింద ఉంది.

ఎందుకు ఉందో చెబుతాను. అంతకుముందు ఏడు నేను తొమ్మిది మందిని పంపితే ముగ్గురు తప్పారు. నారప్ప సభలో తప్పినవాళ్ళ పేర్లు కూడా చదివాడు. జాబితా అంటే అన్నీ ఉండాలి కదా ఆయనకు! వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నన్ను ఏడాది పొడుగునా వేధించింది. ఈసారి ఒక్కరు కూడా తప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఎనిమిది మందిలో ఏడుగురి మీద నాకు ధైర్యం ఉంది. ఎనిమిదోది ఓబక్క.

ఓబక్క పావగడలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. కన్నడం చదివితే ముచ్చటేస్తుంది, చరిత్ర పొల్లుపోకుండా చెబుతుంది. భిన్నాల దగ్గర మాత్రం ఎద్దు మొరాయించినట్టు నిలబడిపోతుంది. దూరం నుంచి మందను చూసి ఎన్ని గొర్రెలున్నాయో చెప్పే పిల్ల, "ముప్పాతిక గొర్రె యాడన్నా ఉంటాదా అయివారా?" అని నన్నే అడిగేది. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. ఇంకో గంట కూర్చోబెట్టి చెబితే పట్టుబడేదేమో. నేను కూర్చోబెట్టలేదు. ఏడు దరఖాస్తులు టపాలో వేసి ఎనిమిదోదాన్ని పెట్టెలో పెట్టుకున్నాను. నెల పోయాక, "నీది తిప్పి పంపినారమ్మా, పద్నాలుగేండ్లు నిండినట్టు రుజువు కావాలంట," అన్నాను. పల్లెలో పుట్టిన గొర్రెలకాపరి బిడ్డకు పుట్టిన తేదీ కాగితం ఎక్కడ దొరుకుతుంది? దొరకదు, అడగడం మానేస్తారు, అంతటితో అయిపోతుందని నా లెక్క.

ఆమె ఏడవలేదు. "సరే అయివారా," అంది. చదువు మానేస్తుందనుకున్నాను, మానలేదు. రోజూ వచ్చి చిన్నపిల్లలకు కన్నడ అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. నాకది హాయిగానే ఉండింది, సగం బరువు తగ్గింది కదా. సిగ్గు లేనివాడికి అన్నీ హాయిగానే ఉంటాయి.

జాబితా రాసిన మర్నాడు ఓబక్క నా దగ్గరికి పరుగున వచ్చింది. "అయివారా, మా నాయన సభకు వస్తాడు. కాగితం తెస్తాడు. మీకు ఒక్కసారే చూపిద్దామని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఈసారి నా దరఖాస్తు ఎవురూ ఎనక్కి పంపల్యారు."

"మంచిది," అన్నాను. ఆ పిల్ల ముఖం చూస్తూ నా నోటికి వచ్చిన మాట అదొక్కటే. అప్పుడే చెప్పాల్సింది. ఆ వారంలో మూడుసార్లు చెబుదామని బయలుదేరి మూడుసార్లూ ఏదో పని కల్పించుకున్నాను. ఒకసారి గొడుగు బాగుచేయించుకోవడానికి కూడా వెళ్ళాను. వానలు లేని పావగడలో!

సభ ఆదివారం మధ్యాహ్నం. గోదాములో మూటలన్నీ ఒక పక్కకు పేర్చి, చాపలు పరిచి, తాలూకా అధికారి అమల్దారుగారికి కుర్చీ వేశారు. బొమ్మన్న ముత్తక్కను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. నన్ను చూడగానే వంగి కాళ్ళు పట్టుకోబోయాడు. వెనక్కి గెంతాను. ఆయన దాన్ని నా పెద్దరికం అనుకుని మురిసిపోయాడు. నడుముకు కట్టుకున్న వెదురుగొట్టంలోంచి కాగితం తీసి, తడి తగిలితే పాడవుతుందన్నట్టు వేళ్ళ కొసలతో పట్టుకుని నా చేతికిచ్చాడు.

"సదవండి అయివారా. యాడన్నా తప్పుంటే ఇప్పుడే చెప్పండి, మళ్ళా పొయ్యొస్తా."

తప్పేమీ లేదు. రాజముద్ర ఉంది, సంతకం ఉంది, ముత్తక్క వేలిముద్ర ఉంది. పెద్ద జ్వరాలు వచ్చి పోయిన మూడో ఏడు, అంటే 1921లో, వేరుశనగ పీకే రోజుల్లో పుట్టిందని ముత్తక్క ప్రమాణం చేసి చెప్పింది. నా అబద్ధం కోసం పుట్టిన నిజమైన సర్కారు కాగితం నా చేతిలో ఉంది.

"కచేరీలో దేవుని మీద ఒట్టు ఎయ్యమన్న్యారు," అంది ముత్తక్క. "డెబ్బై ఏండ్లల్లో నేను కచేరీ మెట్టు ఎక్కింది ల్యా. అయినా పాప సదువు కదా అని ఎక్కినా."

సభ మొదలైంది. గుండమ్మకూ మిగతా ఆరుగురికీ అమల్దారుగారు పుస్తకాలు ఇచ్చారు. వడ్రంగికీ పోస్టుమాస్టరుకూ దాసమ్మకూ దండలు పడ్డాయి. నారప్ప గొంతు సవరించుకుని, బొమ్మన్న తిరిగిన తిరుగుళ్ళన్నీ అంకెలతో సహా చదివి, "వీళ్ళిద్దరికీ మన అయివారే దండ వెయ్యాల," అన్నాడు. చప్పట్లు. నేను ముందు ముత్తక్క మెడలో వేశాను. తర్వాత బొమ్మన్న మెడలో వేశాను.

నారప్ప రెండు మాటలు చెప్పమంటే బొమ్మన్న మెడలోని దండ సర్దుకుని ముందుకు వచ్చాడు.

"నాకు మాట్లాడేది రాదు సామీ. అయివారు కాగితం ల్యాదన్న్యారు, తెచ్చినా. రెండోమాటు మధుగిరికి పొయ్యినప్పుడు మంద ఒంటిగా ఉండె. తోడేలు రెండు పిల్లల్ని ఎత్తుకపోయింది. పోతే పోనీలే అనుకున్యా. గొర్రెపిల్లలు మళ్ళా పుడతాయి, పాపకు ఈ వయసు మళ్ళా వస్తాదా? తోవ చూపిచ్చిన మనిషి అయివారు. ఈ దండ ఆయనకే చెల్లాల."

అని తన మెడలోని దండ తీసి నా మెడలో వేశాడు. ఇంకా పెద్ద చప్పట్లు. ఓబక్క చిన్నపిల్లల మధ్యలో నిలబడి అందరికంటే గట్టిగా కొడుతోంది.

నేను అంతకంటే భరించలేకపోయాను. మంచివాణ్ణయి కాదు. ఆ చప్పట్లు ఆగాలి, అంతే.

"ఆ కాగితం ఎవరూ అడగలేదు," అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. "ఓబక్క దరఖాస్తును ఎవరూ తిప్పి పంపలేదు. నేనే పంపలేదు. మా ఇంట్లో పెట్టెలో ఉంది. లెక్కల్లో తప్పుతుందేమో, నాకు మాట వస్తుందేమో అని దాచాను. వయసు సంగతి నేను కల్పించి చెప్పింది."

అమల్దారుగారు గడియారం వైపు చూసుకున్నారు. నారప్ప చేతిలోని జాబితాను మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. బొమ్మన్నకు సంగతి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"అయితే ఈ కాగితం పనికి రాదా?" అని అడిగాడు.

తిడితే నిలబడేవాణ్ణి. కొట్టినా నిలబడేవాణ్ణి. ఆయన కాగితం ఏమవుతుందోనని అడుగుతున్నాడు. ముత్తక్క, "నాతో ఉత్తపుణ్యానికి ఒట్టు ఏపిచ్చినారా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఓబక్క పిల్లల్లోంచి లేచి ముందుకు వచ్చింది. పదిహేనేండ్ల పిల్ల, అంతమంది పెద్దల ఎదుట, తడబడకుండా మాట్లాడింది.

"నాకు లెక్కలు రావనే ఆపినారా అయివారా?"

"అవునమ్మా."

"ఆ మాట నాకు చెప్పింటే నేర్చుకుందును కదా. కాగితమే తక్కువనుకున్యా. కాగితం కోసం మా నాయన తిరిగినాడు. నేను ఈ యాడాదంతా లెక్కల పుస్తకం తెరిసిందే ల్యా, వయసు ఒకటే అడ్డమనుకోని. ఇప్పుడు కాగితం ఉండాది. లెక్కలు మళ్ళా ఆడనే ఉండాయి."

ఆమె చెప్పేదాకా నాకు ఆ సంగతి తట్టలేదు. ఒక దరఖాస్తు దాచాననే అనుకున్నాను. తనకు ఏది తక్కువో తెలుసుకునే దారి కూడా మూసేశానని, తండ్రి చేతా కూతురి చేతా ఏడాది పాటు తప్పు చోట గుంత తవ్వించానని, అప్పుడు తెలిసింది. అంతవరకు నేను పడిన సిగ్గు సిగ్గే కాదు.

సభ ఎలా ముగిసిందో నాకు సరిగా గుర్తు లేదు. జనం నన్ను తప్పించుకుని వెళ్ళిపోయారు. దండ తీసి మూటల మీద పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. కొంతసేపటికి ఓబక్క కొత్త దరఖాస్తు పట్టుకుని వచ్చింది. ఆ ఏటి గడువు ఇంకా పదకొండు రోజులుంది. దాని మీద చదువు చెప్పినవాడి సంతకం కావాలి.

"సంతకం పెట్టండి అయివారా."

పెట్టాను. "రేపటి నుంచి పొద్దున అయిదింటికే రా తల్లీ," అన్నాను. "భిన్నాలు మొదటి నుంచి చెబుతాను. పరీక్షకు ఇంకా నాలుగు నెలలుంది. రోజూ నీ ఒక్కదానికే రెండు గంటలు చెబుతాను."

"వద్దు అయివారా. గుండమ్మను అడిగినా. ఆ యమ్మి చెప్తానన్నది."

"పోనీ, దరఖాస్తయినా ఇలా ఇవ్వు. నా చేత్తో నేనే పంపుతాను."

ఓబక్క సిరా ఆరిందా లేదా అని కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. వీధిలో ముత్తక్కను బండి ఎక్కిస్తున్న తండ్రి వైపు తిరిగింది.

"మా నాయన తీసుకపోతాడులే," అంది. "ఆయనకు తోవ తెలుసు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకిప్పటికీ అనిపిస్తుంది. నేను గుమ్మంలోంచి లేచి పక్కకు తప్పుకున్నాను, ఆమె దిగి వెళ్ళిపోయింది.