మాణిక్యాంబగారి వన్స్ మోర్

మా హైస్కూలు హాల్లో చాప మీద కూర్చుని ఉన్నాను, ఒంటి మీద తొమ్మిదో తరగతి యూనిఫాం, కాలివేళ్ళకు కొత్త మెట్టెలు, పాదాలకు ఇంకా ఎర్రెర్రగా పారాణి, అయినా పక్కన కూర్చున్న పిల్లలెవరికీ ఇందులో వింతేమీ కనిపించడం లేదు. కిటికీల్లోంచి ఎండ పాలలాగా లోపలికి కారుతోంది. ఎదురుగా వేదిక మీద, హెడ్మాస్టరుగారి చేతుల కుర్చీలో, చేబ్రోలు మాణిక్యాంబగారు కూర్చున్నారు. పద్యనాటకాల్లో ఏళ్ళ తరబడి మగవేషాలు కట్టిన మనిషి, రాజు వేషమంటే ఆవిడదే అని మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకున్న మనిషి. ఆవిడ పోయారన్న సంగతి నాకు తెలుసు. నా పెళ్ళికి కొన్నాళ్ళ ముందు పేపర్లో చూశాను, కిరీటంతో ఉన్న ఫొటో వేశారు. తెలిసినా నాకు భయం వెయ్యడం లేదు, ఏడుపూ రావడం లేదు, ఎందుకంటే ఆవిడ గంధం రంగు చీర కట్టుకుని తాపీగా అరటిపండు ఒలుచుకుని తింటున్నారు, పోయినవాళ్ళు అరటిపండు అంత ఇష్టంగా తింటారని నేనెప్పుడూ అనుకోలేదు.

"ఎవరికిచ్చిన ప్రశ్న వాళ్ళే అడగాలి" అంటున్నారు హెడ్మాస్టరుగారు మైకులో. "సొంత ప్రశ్నలు వద్దు. పెద్దావిడ ముందు బాగుండదు."

నిజంగా జరిగింది కూడా ఇంతే. ఆవిడ మా స్కూలుకి ముఖాముఖికి వస్తున్నారని తెలిసి, తెలుగు మేడమ్ ముందే ప్రశ్నలు పంచి అందరిచేతా బట్టీ పట్టించారు. నా వంతుకి వచ్చింది "మీరు అందుకున్న బిరుదులేమిటి?" అన్న ప్రశ్న. నేను అడగాలనుకున్నది వేరు. ఊరూరా తిరిగి అదే పద్యం పాడతారు కదా, మీకు విసుగు రాదా అని. మైకు మా వరుస దాకా రాకముందే లాంగ్ బెల్ కొట్టారు, ఆవిడ కారెక్కి వెళ్ళిపోయారు, నా ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు మైకు మళ్ళీ బయల్దేరింది, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూ, మారుతూ మధ్యలో గంధం గిన్నె అయి, పన్నీరు బుడ్డి అయి, మళ్ళీ మైకయి వస్తోంది, అది ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళు అడుగుతున్నది నాకిచ్చిన ప్రశ్నే.

"బిరుదులు నాకే గుర్తులేవమ్మా" అంటున్నారు మాణిక్యాంబగారు. "శాలువాలు మాత్రం దండిగా వచ్చాయి. చలికాలం మా ఇంట్లో దుప్పటి కొన్న పాపాన పోలేదు."

పిల్లలు నవ్వుతున్నారు. ఆ నవ్వులు పెద్దవాళ్ళ నవ్వులవుతున్నాయి, వెనక్కి తిరిగి చూస్తే చాపలున్న చోట కుర్చీలున్నాయి, కుర్చీల్లో మా పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళు భోజనాలు చేసి తమలపాకు చుట్టలు నములుతూ నన్నే చూస్తున్నారు.

"ఎంత మురిసిపోతోందో చూడవే!"

"కొత్త కదూ. కొత్తలో అంతేలే."

"ఏడాది పోనివ్వు, అప్పుడడుగుదాం."

ఈ మాటలు కలలోవి కావు. నేనూ మా ఆయనా భోజనానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అన్నవే. నేను చెప్పేవి మరీ అంత గొప్ప విషయాలా? దండెం మీద ఆయన చొక్కా పక్కన నా చున్నీ ఆరుతుంటే చూడ్డం బాగుంటుందన్నాను. ఉల్లిపాయలు తరుగుతూ ఆయన కళ్ళనీళ్ళతో నవ్వుతారని చెప్పాను. నేను బయటికి బయల్దేరుతుంటే నా చెప్పులు తొడుక్కోవడానికి వీలుగా గుమ్మం వైపు తిప్పి పెడతారని చెప్పాను. అందరూ ఒకే మాట అన్నారు. ఆ మాట విన్నకొద్దీ నాకు లోపల ఎక్కడో భయం పట్టుకుంది, చెప్పుల వంక చూసినా సరే, ఇది ఎన్నాళ్ళుంటుంది అనిపించడం మొదలైంది.

మైకు నా ఒళ్ళో పడింది. నోరు తెరిస్తే గొంతు రావడం లేదు. మాణిక్యాంబగారు తొక్క పక్కన పెట్టి, "అక్కణ్ణించి అరవడమెందుకు, ఇలా రా" అని చెయ్యి ఊపుతున్నారు. లేచి నడుస్తుంటే హాలు సన్నబడుతూ, ఎండ పచ్చబడుతూ, కొబ్బరినూనె వాసన వేస్తున్న ఒక చిన్న గదిలోకి వచ్చిపడ్డాను. గోడకి అద్దం, మేకుకి కిరీటం, ట్రంకుపెట్టె మీద ఆవిడ.

"బిరుదుల పిల్లవి నువ్వే కదూ?"

"మీకెలా తెలుసు మేడమ్?"

"మేడమేంటే, మామ్మా అను. ఆ రోజు చెయ్యెత్తడం దించడం, ఎత్తడం దించడం. చూళ్ళేదనుకున్నావా? స్టేజీ ఎక్కినదానికి ఆఖరి వరసలో ఆవులించినవాడు కూడా కనపడతాడు." మెట్టెల వంక చూశారు. "పెళ్ళయిందన్నమాట. అబ్బాయి పాడతాడా?"

"లేదు మామ్మా. ఈల కూడా రాదు."

"బతికిపోయావు. మా ఆయన హార్మోనియం. తెర లేవకముందే శ్రుతి దగ్గర పోట్లాట, తెర పడ్డాక తాళం దగ్గర పోట్లాట."

తెర వెనకాల ఎవరో దగ్గారు. "విన్నా, విన్నా" అంది ఒక మగగొంతు.

"వింటాడు. ఇప్పటికీ వింటూనే ఉంటాడు" అని ఆవిడ గొంతు తగ్గించారు. "ఒకసారి ఏం జరిగిందనుకున్నావ్, యుద్ధంలో బాణం తగిలి చచ్చిపోయే రాజు నేను. పద్యం పాడుతూ ఒరిగిపోయి ప్రాణం వదిలాను. జనం 'వన్స్ మోర్' అని ఒకటే కేకలు. ఏం చేస్తాం? లేచి, కిరీటం సర్దుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చాను. బాణం వేసినవాడు విల్లు దించకుండా అట్టాగే నిలబడి ఉన్నాడు, పాపం."

నవ్వొచ్చింది. నవ్వుతూనే అడిగాను: "చచ్చిపోయాక లేవచ్చా మామ్మా?"

"మా నాటకాల్లో అది మామూలే. జనం అడిగితే లేవాలి. లేకపోతే నేనిక్కడికెందుకొచ్చాననుకున్నావే? అప్పట్నించీ నువ్వు లోపల్లోపల అడుగుతానే ఉంటివి."

ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చున్నాను. మైకు లేదు, వరుసలు లేవు, బెల్లు కొట్టేవాళ్ళు లేరు.

"అదే పద్యం మళ్ళీ మళ్ళీ పాడితే విసుగు రాదా మామ్మా?"

"ఇది ఆ పిల్ల అడుగుతున్న ప్రశ్నా, ఈ పెళ్ళికూతురు అడుగుతున్నదా?"

"ఇద్దరం" అన్నాను. "అందరూ కొత్తలో అంతేనంటున్నారు. పాతబడ్డాక ఏమవుతుంది?"

మాణిక్యాంబగారు నా వైపు వంగారు. నా జడలో చామంతి ఊడిపోతుంటే తీసి మళ్ళీ తురిమారు.

"విసుగు రాదని అబద్ధం చెప్పనా? జ్వరంతో పాడాను. ఆయనతో మాటల్లేని రోజుల్లో, ఆయన వాయిస్తుంటేనే పాడాను. ఎవ్వడూ వన్స్ మోర్ అనని ఊళ్ళున్నాయి. అనకపోతే చచ్చినదాన్ని చచ్చినట్టే పడుండాలి, తెర పడేదాకా. అందుకే చెబుతున్నా, అడగాలి. కావాలనిపిస్తే నోరు తెరిచి అడగాలి, సిగ్గుపడకూడదు."

"అడిగితే?"

"మొదటిసారి పాడినప్పుడు ఏం రాబోతోందో జనానికి తెలీదు. రెండోసారి తెలుసు. రాగంలో మెలిక ఎక్కడొస్తుందో తెలుసు, దానికోసం కాచుక్కూచుంటారు. అందుకని సరిగ్గా అక్కడికొచ్చి ఆగుతా. ఆయన శ్రుతి వదలడు, నేను ఎత్తుకోను. ఆ ఆగడం ఉంది చూశావూ, అది మొదటిసారి కుదరదే పిల్లా. ఎంత పెద్ద గొంతుకైనా కుదరదు."

"పాడండి మామ్మా. ఒక్కసారి."

"ఒక్కసారేంటి? సరిగ్గా అడుగు."

గది నిండా, హాలు నిండా, నా తొమ్మిదో తరగతి దాకా వినపడేలా అరిచాను. "వన్స్ మోర్!"

ఆవిడ లేచి మేకు మీది కిరీటం తీసి పెట్టుకున్నారు. తెర వెనకాల హార్మోనియం ఊపిరి తీసుకుంది. రాగం ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే గోడలు పలచనవుతున్నాయి, అద్దంలో వెలుతురు వణుకుతోంది, ఆవిడ చెయ్యి మెల్లగా గాల్లోకి లేస్తోంది, లేచి, అక్కడ ఆగింది. పాట ఆగింది. హార్మోనియం మాత్రం ఒక్క స్వరం పట్టుకుని వదలకుండా ఉంది. తర్వాత ఏం వస్తుందో నాకు తెలుసు, తెలిసీ కళ్ళార్పకుండా చూస్తున్నాను, ఆవిడ నా వంకే చూసి నవ్వుతున్నారు, ఎత్తుకోవడం లేదు.

కళ్ళు తెరిచాను. బాగా తెల్లారిపోయింది. గుమ్మంలో మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"వకుళా" అన్నారు. "కాఫీ చల్లారిపోతోంది."

పెళ్ళయినప్పటి నుంచీ పొద్దున్నే వింటున్న పిలుపే. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, సిగ్గుపడకుండా అడిగాను.

"ఇంకోసారి పిలవండి."

"వినపడలేదా?"

"వినపడింది. అయినా పిలవండి."

ఆయన నన్ను అనుమానంగా చూసి, నవ్వి, గ్లాసు కిటికీలో పెట్టారు. గొంతు సవరించుకున్నారు. ఊపిరి పీల్చుకుని, అక్కడ ఆగారు.

పక్కింట్లో మిక్సీ ఆగిపోయింది. ఏం వినబోతున్నానో నాకు బాగా తెలుసు, నా పేరే. అయినా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.