రెండు వేళ్ళ కాగితం

ఆ కాగితాలు కోసింది మా అన్నయ్యే. ఈ ముక్క దాచిపెట్టి కథ చెబితే మిగతాదంతా అబద్ధమైపోతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు ఇప్పుడే పనుల్లోంచీ కాలేజీల్లోంచీ వచ్చి కూర్చున్నారు. విని తిట్టుకోండి, కానీ పూర్తిగా వినండి.

మా బైండింగ్ వీధిలో పదహారు షెడ్లున్నాయి. ఊళ్ళో ఏ ఆఫీసు రిజిస్టరైనా, ఏ బడి పుస్తకమైనా మా దగ్గరికి వచ్చి అట్ట కట్టించుకుని పోవలసిందే. ఆడవాళ్ళం కాగితం మడిచి కుడతాం. మగవాళ్ళు అట్టలు అతికిస్తారు. కటింగ్ మిషన్ మీద మాత్రం మా షెడ్డులో అన్నయ్య ఒక్కడే. వెంట్రుకవాసి తేడా రానివ్వడని పేరు.

ఆ సోమవారం రైలు ఆఫీసు గుమాస్తా ఒక కట్ట తెచ్చాడు. పైన రెండు వేళ్ళ వెడల్పున కోసేసి, తను విడిగా తెచ్చిన అచ్చుకాగితాన్ని మొదటి పేజీగా పెట్టి కుట్టమన్నాడు. అన్నయ్య కోశాడు. సాయంత్రం నేను ఊడుస్తుంటే కోసిన ముక్క ఒకటి చీపురుకు తగిలింది. దాని మీద 'సభకు హాజరైనవారు' అని ఉంది. ఇంకొకటి తీశాను. అదే మాట. రాలినవాటన్నిటి మీదా అదే మాట.

బల్ల దగ్గరికి పరుగెత్తి కట్ట విప్పి చూశాను. నిండా వేలిముద్రలు, వంకరటింకర సంతకాలు. అన్నీ పక్కనున్న లాండ్రీ వీధి వాళ్ళవి. మొదటి పేజీగా కుట్టమన్న అచ్చుకాగితంలో ఇలా ఉంది: 'ఎర్ర మార్గానికి మా వీధిని ఇచ్చి, ఇళ్ళు ఖాళీ చేయడానికి కింద సంతకం చేసిన మేమంతా సమ్మతిస్తున్నాం.'

కట్టను మళ్ళీ ఎప్పటిలా కట్టేశాను.

ఎర్ర మార్గం అంటే ఏమిటో చెప్పాలి. చిన్న రైలు ఆసుపత్రి దాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని కొత్త కాలనీల దాకా పొడిగిస్తామన్నారు. మంచిదే. రైలు మీద మాకేం పగ లేదు, మా పిల్లలూ ఎక్కుతారు. బడి హాల్లో సభ పెట్టి, గోడకు పెద్ద మ్యాపు తగిలించి, రెండు గీతలు చూపించారు. ఎర్ర గీత లాండ్రీ వీధి మీదుగా పోతుంది. పచ్చ గీత మా వీధి మీదుగా పోతుంది. రెండు వీధుల మధ్యా మూతబడ్డ మిల్లు ఆవరణ ఉంది. ప్రహరీ లోపల పిచ్చిమొక్కలు తప్ప నరమానవుడు లేడు. దాని మీదుగా మాత్రం గీత లేదు. ఆ స్థలం పట్టాలు వేసే కాంట్రాక్టరు మామగారిది. "ఏ దారి కావాలో మీలో మీరే చర్చించుకోండి. ప్రజాభిప్రాయమే మాకు ముఖ్యం" అన్నాడు ఇంజనీరు. ఎంత మర్యాదస్తుడో!

మేం చర్చించుకున్నాం. నాలుగు నెలలు ఒకరినొకరు పీక్కుతిన్నాం. మూల మీది కుళాయి దగ్గర ఇరవై ఏళ్ళుగా కష్టం సుఖం చెప్పుకున్న ఆడవాళ్ళం మొహాలు చూసుకోవడం మానేశాం. పచ్చ గీతే వేయాలని లాండ్రీ వీధి వాళ్ళు ఊరేగింపు తీశారు. ఎర్ర గీతే వేయాలని మేం తీశాం. ఈలోగా రోజూ పొద్దున్నే ఒక తెల్ల జీపు వచ్చి మూల మీద ఆగేది. అందులోంచి దిగే ఇద్దరూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. రెండు వీధుల్లోనూ గడపలు కొలిచేవారు, గోడల మీద అంకెలు వేసేవారు. ఒకరోజు మా కిటికీ దగ్గర నిలబడి, మంచం మీదున్న మా వదినను చాలాసేపు చూసి ఏదో రాసుకుని వెళ్ళారు. వదినకు నడుం పడిపోయి అప్పటికి రెండేళ్ళు.

ముక్కలన్నీ కొంగులో మూటగట్టుకుని ఇంటికి వెళ్ళాను. అన్నయ్య వదిన కాళ్ళకు నూనె రాస్తున్నాడు.

"నీకు తెలిసే కోశావా?"

తలెత్తలేదు. "ఆ. చదివాను."

"చదివి కూడా కోశావా?"

"అరవకే. నేను కోయకపోతే పక్క షెడ్డులో కోయిస్తారు. ఎర్ర గీత ఖాయమైతే పచ్చ గీత పోతుంది. మన గోడలు నిలబడతాయి. లేకపోతే మీ వదిన్ని ఏ రోడ్డు పక్కన పడుకోబెట్టమంటావు? నువ్వే చెప్పు!"

వదినే నెమ్మదిగా అంది, "ఆ వీధిలోనూ మంచాన పడ్డవాళ్ళు ఉంటారుగా." అని మొహం అటు తిప్పుకుంది. అన్నయ్య చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి ముక్కలు చూపించాను. అప్పటికే కట్టను మా షెడ్డు మేస్త్రి తన చేత్తోనే కుట్టి పంపించేశాడు.

"కుట్టు మనది గానీ కాగితం మనది కాదు. లోపల ఏముంటే మనకెందుకమ్మా?" అన్నాడు మేస్త్రి.

జిగురు కలిపే మామను అందరం జిగురు మామ అంటాం. అతను లేచాడు. "ఈ పిల్ల మన కొంపలు కూల్చేదాకా నిద్రపోదు. ఎర్ర గీత పడుతోంది, మనం బతికిపోయాం. నోరు కుట్టుకుని కూర్చోక ఏంటీ పంచాయితీ?"

"వాళ్ళు మాత్రం మన మీదికి పచ్చ గీత తోయలేదా?" అంది నా పక్కన కూర్చునే ఆవిడ.

"తోశారు. మనమూ తోశాం. మిల్లు గోడ వైపు ఒక్కళ్ళమైనా వేలు చూపించామా?" అన్నాను.

"నీతులు తర్వాత. మనకేం నష్టమో అది చెప్పు" అన్నాడు జిగురు మామ.

"సరే మామా. ఆ సభకు నువ్వూ వచ్చావుగా? హాజరు కాగితం మీద సంతకం పెట్టావా?"

"పెట్టాను. అందరం పెట్టాం."

"మన సంతకాల కట్ట ఏది? మన షెడ్డుకు రాలేదే?"

"మన తల కోయడానికి మన దగ్గరికే పంపిస్తారా ఏంటి?" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. జిగురు మామ కూర్చున్నాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఏడుగురం ఆడవాళ్ళం నాలుగు నెలల తర్వాత లాండ్రీ వీధిలో అడుగుపెట్టాం. ఆసుపత్రి దుప్పట్లు తీగల మీద ఆరుతున్నాయి. గంజి పెద్దమ్మ ఆ వీధికి పెద్దదిక్కు. గంజి పెట్టీ పెట్టీ వేళ్ళు తెల్లగా నాని ఉంటాయి. నా మాటలన్నీ విని ఒకటే అడిగింది.

"ఎవరు కోశారే?"

"మా అన్నయ్య, పెద్దమ్మా."

చెంప మీద ఒక్కటి ఇచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు అడ్డం వచ్చారు. ఆవిడే పీట లాగి నన్ను కూర్చోబెట్టింది. "సభకు వచ్చినట్టు వేలు వేయండమ్మా, టీ ఇస్తాం అన్నాడే వాడు! ఒక్క గ్లాసు టీకి ఇల్లు రాసిచ్చామా?" అని తల పట్టుకుంది. ఆ రోజే రెండు వీధుల వాళ్ళమూ కుళాయి దగ్గర కూర్చున్నాం. తిట్టుకోవడంతో మొదలుపెట్టి, చివరి సభకు కలిసి వెళ్ళాలన్న మాటతో లేచాం. అన్నయ్య రాలేదు.

చివరి సభ నాడు హాలు గోడల పొడుగునా పోలీసులు నిలబడి ఉన్నారు. ఇంజనీరు మా మేస్త్రి కుట్టిన పుస్తకం ఎత్తి చూపించాడు. "చాలా సంతోషం. లాండ్రీ వీధి వారు స్వచ్ఛందంగా సమ్మతించారు."

గంజి పెద్దమ్మ తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి పుస్తకం తెరిచింది. ఒక పేజీ పైన నేనిచ్చిన ముక్క పెట్టింది. హాజరు పట్టిక గళ్ళ గీతలు ముక్క మీది నుంచి పేజీ మీదికి తిన్నగా దిగాయి.

"ఈ చెత్త ఎక్కడిదో ఎవరికి తెలుసు?" అన్నాడు ఇంజనీరు.

"నాకు తెలుసు."

తలుపు దగ్గర అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. "కోసింది నేను. మీ గుమాస్తా కోయమంటే చదివే కోశాను. మా వీధి మిగులుతుందని కోశాను. సిగ్గుమాలిన పని చేశాను. ఇప్పుడు అడుగుతున్నా సార్, మా వీధి సంతకాలు ఎవరితో కోయించారు?"

ఇంజనీరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. గుమాస్తా తల దించుకున్నాడు. అప్పుడు లేచింది హాలు. "మిల్లు మీదుగా వెయ్యండి!" అని రెండు వీధులూ ఒక్క గొంతుతో అరిచాయి. నా జన్మలో అంత సంతోషం ఎరగను. "అభ్యంతరాలు నమోదయ్యాయి" అని ఇంజనీరు వెళ్ళిపోయాడు. నమోదు చేయవలసిన మనిషి మాత్రం పెన్ను మూత కూడా తీయలేదు. అది చూశాక నా సంతోషం అక్కడే చల్లారిపోయింది.

మర్నాటి నుంచి కుళాయిలో నీళ్ళు రాలేదు. తెల్ల జీపు రావడం మానేసింది. మూడో రోజు ఆసుపత్రి వాళ్ళు దుప్పట్లు పంపలేదు. తీగలు ఖాళీగా ఊగుతుంటే వీధి వీధంతా ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడుకుంది.

నాలుగో రోజు తెల్లవారగానే లాండ్రీ వీధిలోకి కూల్చే మిషన్ వచ్చింది, వెనక పోలీసు వ్యాన్లు వచ్చాయి. రెండు వీధులూ అడ్డం నిలబడ్డాయి. అన్నయ్య ముందు వరసలో ఉన్నాడు, పక్కనే జిగురు మామ. "ఫైల్లో ఈ వీధి ఖాళీ అయిపోయింది. ఇక్కడ ఎవరూ లేరు" అన్నాడు ఎస్సై, మా అందరి మొహాలూ చూస్తూనే. లాఠీలు లేచాయి. ముసలీ ముతకా అని చూడలేదు. మొదట పదకొండో నంబరు ఇల్లు కూలింది. అది గంజి పెద్దమ్మ ఒంటిగది ఇల్లు. మగవాళ్ళను దొరికినవాళ్ళను దొరికినట్టు వ్యానుల్లోకి తోశారు. తలుపు మూసేముందు అన్నయ్య నన్ను చూసి ఏదో అన్నాడు. మిషన్ మోతలో వినపడలేదు.

సాయంత్రానికి జిగురు మామను, ఇంకొందరు పెద్దవాళ్ళను వదిలేశారు. మిగతావాళ్ళ జాడ లేదు. మూడు రోజులు స్టేషన్ల చుట్టూ తిరిగాను. "బైండింగ్ వీధి వాళ్ళా? ఒక్కళ్ళూ లేరు. కావాలంటే పుస్తకం చూసుకో" అన్నారు. చూశాను. నిజంగానే లేరు. వదిన నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఇలాంటి 'లేరు'లు ఎక్కడ తేలతాయో మీలో పెద్దవాళ్ళకు తెలుసు. నేనూ ఆసుపత్రి శవాల గది దాకా వెళ్ళొచ్చాను.

నాలుగో రోజు గంజి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని మళ్ళీ స్టేషనుకు లాక్కెళ్ళింది. "మా లాండ్రీ వీధి వాళ్ళను చూపించయ్యా" అంది, స్టేషన్ పుస్తకం రాసే రైటరుతో.

అతను పేజీ తిప్పాడు. "లాండ్రీ వీధి, పదకొండో నంబరు. ఒక్క ఇంట్లోనే నలభై ముగ్గురు." మొదటి పేరు మా అన్నయ్యది. "అందరూ ఇదే అడ్రసు చెప్పారు. ఒంటిగదిలో ఇంతమంది ఎలా ఉంటున్నార్రా అని మా ఎస్సై అడిగితే, సర్దుకుంటున్నాం సార్ అన్నాడు మీవాడు." గొంతు తగ్గించాడు. "ఆ మాటకే కుడిచెయ్యి విరిగింది. నేను చెప్పానని అనకండి."

మిషన్ పిడి పట్టే చెయ్యి అది. ఏడుస్తూనే బయటికి వచ్చాను. పెద్దమ్మ ఏడవలేదు. వీధి మూల దాకా నడిచి, అక్కడ ఆగింది.

"వాళ్ళ ఫైల్లో నా ఇల్లు లేదు. నేనే సంబరంగా ఖాళీ చేసి పోయాను. వాళ్ళ కేసులో మాత్రం ఉంది, నలభై ముగ్గురు కాపురమున్నారు. రేపు కోర్టు కాగితం ఎక్కడికొస్తుందే?"

"పదకొండో నంబరుకు."

"మరి తలుపు లేకపోతే వచ్చినవాడు దేన్ని తడతాడు?"

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాం. కూలిన ఇటుకలే ఏరి, గీకి, వరసగా అందించుకున్నాం. బైండింగ్ వీధిలో ఆ రోజు ఒక్క షెడ్డు కూడా తెరవలేదు. వదిలేసినా దెబ్బలతో మూలుగుతున్న జిగురు మామ మోకాలి దాకా పంచె ఎగ్గట్టి మట్టి తొక్కాడు.

గంటలో ఎస్సై వచ్చాడు. "ఇక్కడ కట్టకూడదని తెలీదా?"

"నువ్వు పంపే సమన్లు తీసుకోవాలి కదయ్యా. గుమ్మం లేచేదాకా ఆగు" అంది పెద్దమ్మ, ఇటుక అందుకుంటూ.

ఎస్సై చెయ్యి ఊపాడు. మూల మీద మిషన్ కదిలింది. దాని వెనక ఇంకో మూడు వ్యాన్లు వచ్చి ఆగాయి. సరిగ్గా అప్పుడే మా వీధి వైపు నుంచి నలుగురు ఆడవాళ్ళు మంచం మోసుకుంటూ వచ్చారు. మంచం మీద వదిన ఉంది.

"కేసులో మా ఆయన ఇల్లు ఇదేగా. నన్ను ఇక్కడే దింపండి" అంది.

మోకాలెత్తు గోడల మధ్య, మిషన్ వచ్చే వైపు తల పెట్టి మంచం దింపారు. నేను ఆ పక్కనే తర్వాతి వరస ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాను.