ఫైలు మీద రాస్తుంది

శివజ్యోతి చేసే ఉద్యోగం ఏమిటో బేతంచెర్లలో ఒక్కరికీ సరిగ్గా అర్థం కాలేదు. చెప్పీ చెప్పీ పాపం ఆమె నోరు నొప్పి పుట్టింది. చెప్పిన పని చేసిపెట్టే ఏఐ ఏజెంట్లు ఉంటాయి కదా, వాటికి కొన్ని పనిముట్లు ఇస్తారు. ఫైలు రాసే పనిముట్టు అందులో ఒకటి. అది ఏం చేస్తుందో చెప్పే వివరణ పక్కనే ఉంటుంది. ఏజెంటు దాన్ని చదివాకే పనిలోకి దిగుతుంది. ఆ వివరణ తెలుగులో స్పష్టంగా ఉందా లేదా చూసి, ఐదుకు మార్కులు వేయడం శివజ్యోతి పని.

"మిషన్లకు గూడ వాచకం దిద్దుతాండావా పాపా?" అని నవ్వేవాడు పెద్దనాయన మారెన్న.

నవ్వితే దగ్గొచ్చేది. ఇరవై రెండేళ్లు నాపరాళ్ల కోత మిషన్ల దగ్గర దుమ్ము మింగిన మనిషాయన. ఏడు ఫ్యాక్టరీలు మారితే ఒక్కరూ గుర్తింపు కార్డు ఇచ్చిన పాపాన పోలేదు. పైగా ఆఖరి యజమాని, బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడని ఊరంతా చాటాడు. ఒట్టి అబద్ధం! మారెన్న జన్మలో బీడీ ముట్టలేదు. పెద్దమ్మ ఈరక్కకు ఆ మాటే కడుపులో మంట. దుమ్ము వల్లే ఈ జబ్బని సర్కారు కాగితంలో రాయించాలని ఆమె పట్టు.

అందుకు మెడికల్ బోర్డుకు వాంగ్మూలం కావాలి. ఏ ఫ్యాక్టరీలో ఏ సంవత్సరాలు చేశాడు, పక్కన ఎవరెవరు పనిచేశారు, అన్నీ అందులో ఉండాలి. ఇలాంటి రోగులు నలభై మంది ఉన్నారు. కార్మిక సంఘం నడిపే గాబ్రియేలు ఒక్కడు ఎందరిదని రాస్తాడు? ఫోనులో ఏజెంటును పెడితే అదే విని రాసుకుంటుందని ఎవరో చెప్పారు.

"ఫైలు రాసే పనిముట్లు మూడుండాయంటమ్మా. నీ పనే గదా ఇది, ఏది మంచిదో చూసి చెప్పు" అని గాబ్రియేలు శివజ్యోతిని అడిగాడు.

ఆ మూడింటికీ ఆమె అప్పటికే మార్కులు వేసి ఉంది. రెండింటి వివరణలు చాంతాడంత ఉన్నాయి. ఫైలు ముందే ఉంటే ఏం చేయాలి, లేకుంటే ఏం చేయాలి అని ఒకటే సాగదీత. మూడోది ఒక్క ముక్కలో తేల్చింది: 'పేరు, విషయం ఇస్తే ఫైలు మీద రాస్తుంది.' ఎంత చక్కటి తెలుగు! పలక మీద రాస్తాం, గోడ మీద రాస్తాం, ఇదీ అంతే. ఐదుకు ఐదు వేసి, 'మా పెద్దమ్మకైనా అర్థమవుతుంది' అని కింద రాసింది. గాబ్రియేలుకూ దాన్నే చెప్పింది.

మూడు నెలల పాటు మారెన్న మంచంలో పడుకుని, ఊపిరి ఆడినప్పుడల్లా ఫోనుకు చెప్పుకున్నాడు. మొత్తం పదిహేడు సార్లు. చెప్పిన ప్రతిసారీ "రాసుకున్నాను" అనేది ఫోను. రాసుకున్నాక గొంతు దేనికిలే అని, ఫోనులో చోటు చాలక గాబ్రియేలు ఆయన గొంతు రికార్డింగులు తీసేసేవాడు. ఉగాదికి వారం ముందు మారెన్న పోయాడు.

బుధవారం పొద్దున బోర్డు డాక్టరు సంఘం ఆఫీసుకు వచ్చాడు. ఈరక్క ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. గాబ్రియేలు ఫైలు తెరిచాడు. అందులో ఉన్నవి రెండే రెండు వాక్యాలు.

'ఈ పొద్దు ఊపిరి ఆడడంల్యా. రేపు చెప్తా.'

గాబ్రియేలు ఫైలు మూసి మళ్లీ తెరిచాడు, అదే ఉంది. శివజ్యోతి గబగబా తన ల్యాప్‌టాప్‌లో ఆ వివరణ ఇంగ్లీషు మూలం వెతికింది. అక్కడ ఉన్న మాట ఓవర్‌రైట్. ఉన్నదంతా చెరిపేసి కొత్తది రాయడం అని దాని అర్థం. ఏ మహానుభావుడో ఓవరును 'మీద' చేశాడు, రైటును 'రాయడం' చేశాడు. ఏజెంటూ ఆమెలాగే పలక మీద రాతే అనుకుంది. రాసిన ప్రతిసారీ ముందటిదంతా పోయింది. ఆమె మార్కులు కోసిన ఆ రెండు పొడుగు వివరణల్లో ఇదే జాగ్రత్త రాసి ఉంది: పాత ఫైలు ఉంటే ముందు చదువు, లేదంటే అందులోది చెరిగిపోతుంది.

"నాదే తప్పు పెద్దమ్మా" అంది శివజ్యోతి. బతికున్నవాళ్ల చేత మళ్లీ చెప్పించుకోవచ్చు. మారెన్నను యాడ నుంచి తెస్తుంది?

డాక్టరు తన కాగితంలో ఏదో రాసుకున్నాడు.

"ఏం రాసినావప్పా?" అంది చదువు రాని ఈరక్క.

"కారణం తెలియదు అని రాశానమ్మా."

"అట్ల రాయొద్దు సారూ, నీకు పుణ్యముంటాది. ఆయప్ప అంతా చెప్పినాడు. మూణ్ణెల్లు చెప్పినాడు."

డాక్టరు చెడ్డవాడు కాదు. పెన్ను మళ్లీ తీశాడు. "సరే, ఆయన ఏమేం చెప్పాడో నువ్వు చెప్పు. నీ పేరు మీద రాసుకుంటాను. ఏయే ఫ్యాక్టరీలు, ఏయే సంవత్సరాలు? పక్కన పనిచేసినవాళ్లు ఎవరు?"

ఈరక్క నోరు తెరిచింది. ఆఖరి ఫ్యాక్టరీ పేరు ఒక్కటి వచ్చింది. మిగతావి రాలేదు. పని సంగతులు మారెన్న ఇంట్లో ఎత్తేవాడు కాదు. ఆమె శివజ్యోతి వైపు చూసింది. శివజ్యోతి తల దించుకుంది. ఆ ఇంట్లోనే గోడకు ఇవతల కూర్చుని పని చేసుకుంటూ, ఆయన మాటలూ దగ్గూ వినబడకుండా తలుపు వేసుకున్న రోజులే అన్నీ.

"నేను వినల్యా సారూ" అంది ఈరక్క. "మిషను వింటాంది గదా అని, ఆ యాళకు నేను నీళ్లకు పోతాంటి."

డాక్టరు ఆ కాగితం పక్కన పెట్టి, తర్వాతి పేరు పిలిచాడు.