కీలో లేని జవాబు

పేపర్లు దిద్దడం మొదలైన మూడో రోజున ఉమామహేష్ చేతికి ఆ కట్ట వచ్చింది. వాటి మీద పేర్లుండవు, నెంబర్లే. అయినా ఏడో పేపర్లో ఆఖరి జవాబు రెండు వాక్యాలు చదివేసరికి అది చంద్ర రాసిందని తెలిసిపోయింది.

ఉమామహేష్‌ది యానాం. పుదుచ్చేరిలో ఒక సాయంత్రం కాలేజీలో చరిత్ర చెబుతాడు. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగించాలి. అతని క్లాసులో అందరికంటే పెద్దది చంద్ర. కదిర్కామం దగ్గర ఒక ఆసుపత్రిలో టెంపరరీ ఆయా. డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, నేరుగా క్లాసుకొచ్చేది. తాతల నాటి నుంచీ ఈ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమెకు తెలుగు చదవడం రాదు. పరీక్షలు వచ్చీరాని ఇంగ్లీషులో రాసేది. ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే రికార్డు క్లర్కు పోస్టు పడింది. డిగ్రీ ఉండాలి, వయసు నలభై అయిదు దాటకూడదు. ఆగస్టులో ఆమెకు నలభై అయిదు నిండుతాయి. డిగ్రీకి మిగిలింది ఈ ఒక్క పేపరే.

'మీ ప్రాంత చరిత్రను మలుపు తిప్పిన ఒక సంఘటనను చర్చించండి.' ఇరవై మార్కుల ప్రశ్న అది. చంద్ర మిల్లు మూతపడిన రోజు గురించి రాసింది. పొద్దున్నే మోగాల్సిన సైరన్ మోగలేదనీ, మగ్గం నడిపే తన తండ్రి పట్టాభిరామన్ టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాడనీ రాసింది. ఆ నెల నుంచీ వీధిలో మగవాళ్లు ఇళ్లలో ఉండిపోయారు, ఆడవాళ్లు పనుల్లోకి వెళ్లారు. తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు బడి మానేశారు, అందులో తానొకతె. కారణాలు, పరిణామాలు విడివిడిగా, క్లాసులో అతను చెప్పిన పద్ధతిలోనే పెట్టింది.

చెప్పింది అతనే మరి. "చరిత్ర అంటే రాజులూ ఒప్పందాలే కాదండీ. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, వాళ్ల బతుకు ఎక్కడ మలుపు తిరిగిందో చెబుతారు" అన్నాడు ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, ఉత్సాహంగా. మిగతావాళ్లు విని ఊరుకున్నారు. చంద్ర మాత్రం ఎందుకు, ఎలా అని అడిగి అడిగి నోటుబుక్కులో రాసుకుంది.

ఉమామహేష్ పదహారు మార్కులు వేశాడు.

మధ్యాహ్నం వెట్రివేల్ సార్ కట్టలోంచి నాలుగు పేపర్లు తీసి చూశాడు. ఆయన చీఫ్ ఎగ్జామినర్, వచ్చే ఏడు రిటైరవుతాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కళ్లజోడు పైకి తోసుకుని ఆ జవాబంతా చదివాడు.

"బాగుంది" అన్నాడు తమిళంలో. తర్వాత జవాబుల కీ ముందుకు జరిపాడు. అందులో ఉన్నది ఫ్రెంచి పాలన ముగిసి పుదుచ్చేరి భారతదేశంలో కలవడం. ముందుమాట, ముగింపు కలిపి పది పాయింట్లు, ఒక్కోదానికి రెండేసి మార్కులు. "ఇందులో ఏ పాయింటు ఈ జవాబులో ఉందో చూపించు."

"ప్రశ్నలో 'ఒక సంఘటన' అనే ఉంది కదా సార్? ఏ సంఘటనో చెప్పలేదు."

"ప్రశ్న రాసిన మనిషి అలా రాశాడు. కీ ఇలా ఇచ్చాడు. నేను రెండూ మార్చలేను. ముందుమాటకి రెండు, ముగింపుకి రెండు వెయ్యి. దీనికి పదహారు వేస్తే, కీ ప్రకారం రాసినవాళ్లు అడగరా?"

"నాలుగు వేస్తే ఈవిడ ఫెయిలవుతుంది సార్."

"ఆడో మగో నీకెలా తెలుసు?" అన్నాడు వెట్రివేల్, చాలా మెల్లగా.

ఉమామహేష్ పేపరు తన వైపు లాక్కున్నాడు. రాసిందెవరో తెలుసని ఒప్పుకుంటే పేపరు తీసేసుకుంటారు, ఇద్దరి మీదా ఎంక్వయిరీ పెడతారు. పదహారు కొట్టేసి, నాలుగు వేసి, పక్కన సంతకం చేశాడు. మొత్తం ముప్పై ఆరు. పాసవడానికి నలభై కావాలి.

రిజల్ట్సు వచ్చిన సాయంత్రం చంద్ర స్టాఫ్ రూముకొచ్చింది. ఆసుపత్రి చీరలోనే ఉంది. ఫోనులో ప్రశ్నలవారీ మార్కులు తెరిచి అతని ముందు పెట్టింది.

"నాలుగు మార్కుల్లో పోయింది సార్. యాడ తప్పు చేసినానో తెలీలా. ఆ పెద్ద కొశ్చనుకి నాలుగే ఏసినారు. నా ఇంగ్లీసు దిద్దినాయనకు అర్థం గాలేదేమో?"

"ఇంగ్లీషు కాదండీ" అన్నాడతను. ఫోను ఆమె వైపు జరిపాడు.

"మరి ఏంది సార్? మిల్లు సంగతి అబద్ధమనుకున్నారా? నాయన్ని అడిగే రాసినాను. మూసిన కాడి నుంచి నోరెత్తని మనిషి, నేనడిగితే ఒక పూటంతా చెప్పినాడు. ఏడిచినాడు గూడా."

దిద్దింది నేనేనని చెప్పేద్దామని ఉమామహేష్‌కి గొంతుదాకా వచ్చింది. చెబితే ఆమెకు మార్కులు రావు, తన ఉద్యోగం మాత్రం పోతుంది. ఈ రెండో మాటే ముందు తట్టిందని అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. "రీవాల్యుయేషన్‌కి పెడదాం" అన్నాడు. దరఖాస్తు తానే నింపాడు. జులై మొదట్లో జవాబొచ్చింది: మార్పు లేదు. ఇంకెవరో, అదే కీతో, అదే నాలుగు.

ఆఖరి ప్రయత్నంగా ఆసుపత్రి ఆఫీసుకెళ్లి, నవంబరు సప్లిమెంటరీ దాకా ఆగగలరా అని అడిగాడు. అక్కడి గుమస్తా మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, లేదన్నాడు. ఆగస్టు గడిచిపోయింది. ఆ పోస్టులో వేరే అమ్మాయి చేరింది.

ఇక చంద్ర రాదనుకున్నాడు. సెప్టెంబరులో ఒక సాయంత్రం కొత్త నోటుబుక్కు పట్టుకుని వచ్చింది.

"ఇప్పుడు పాసై ఏం జేస్తావని ఇంట్లో అడగతా ఉండారు. మొదులు పెట్టింది ముగిద్దామని. ఈ తూరి తప్పు రాయను సార్. వాళ్లకేం గావాల్నో అది చెప్పండి, అట్నే రాస్తా."

"మీరు రాసింది తప్పు కాదు చంద్రగారూ."

"మార్కులు రాలే గదా" అంది, కోపం లేకుండా. పెన్ను మూత తీసింది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. విలీనం మీద కీళూరులో ఓటింగు, తేదీ. అనుకూలంగా ఎందరు, వ్యతిరేకంగా ఎందరు. పాలన చేతులు మారిన రోజు. చంద్ర తల వంచుకుని, ఒక్కో అంకె పైకి పలుకుతూ రాసుకుంటోంది. అర్థం కాని చోట ఆగలేదు, ఎందుకని అడగలేదు. ఫిబ్రవరిలో ప్రతి మాటకీ ఎందుకని అడిగిన మనిషి. ఉమామహేష్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆరు పాయింట్లు అయినాయి సార్" అంది వెనక నుంచి. "ఏడోది చెప్పండి. నైటు డ్యూటీ ఉండాది, బస్సు పోతాది."

అతను ఏడోది చెప్పాడు.