గడప మీద లేచిన రంగు

పుట్టమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: బిడ్డ కూర్చున్న బండి అంచెట్టి ఘాటు రోడ్డు దిగుతుండగా బ్రేకు పడకపోవడం. తన చావంటే కూడా ఆమెకు అంత భయం లేదు.

మూకండపల్లిలో ఇంటి ముందు పికప్ వ్యాను నిలబెట్టే చోటు కడగడం, పెళ్ళయిన ఏడేళ్ళుగా ఆమె పనే. మొగుడు అంజనప్ప పొద్దున్నే బండిని ముందుకు జరిపి టీకి పోతాడు. ఆమె రంపపు పొట్టు చల్లి, గీకి, కడిగి, ముగ్గు వేస్తుంది. ఏడో తరగతితో బడి మాన్పించారు గాని, మరకలు చదవడం ఎవరూ మాన్పించలేదు. ముందు వైపు నల్లగా పడేది ఇంజనాయిలు. నడుమ చిక్కగా పడేది గేరాయిలు. దానిది కుళ్ళిన గుడ్డు వాసన, సబ్బుతో తోమినా చేతిని వదలదు. ఆ చేత్తో ముద్ద పెడితే బిడ్డ ఎట్లా తింటుందని అత్త గంగక్క అంటూనే ఉంటుంది. చేయి అట్లా ఎందుకైందో మాత్రం అడగదు.

నాలుగు రోజులుగా వెనక ఎడమ చక్రం లోపలివైపు కొత్త తడి. ఇరుసులోని గేరాయిలే, పాత బండి కారక ఏం చేస్తుందన్నాడు అంజనప్ప. ముగ్గేసే మనిషికి మెకానిక్కు పని ఎందుకని కూడా అన్నాడు, నవ్వుతూనే. నిజమేనేమో, తన ముక్కు ఏమి ముక్కు అని పుట్టమ్మ తనకు తానే చెప్పుకొని చూసింది. కానీ వేలు పెడితే పలచన. గుడ్డు వాసన లేదు. నీళ్ళయితే ముగ్గు ఆరేలోపు ఆరిపోవాలి, ఆరలేదు. తుడిచిన గుడ్డను పచ్చరంగు వేసిన గడప మీద మరిచిపోయింది. తీసేటప్పుడు గుడ్డతో పాటు రంగూ లేచి వచ్చింది. బ్రేకాయిలు రంగును తినేస్తుందని మెకానిక్ నాగేశప్ప ఒకసారి అంజనప్పకు చెబుతుంటే, టీ గ్లాసులు పట్టుకొని నిలబడి ఆమె విన్నది.

ఆ శుక్రవారం అంచెట్టిలో ఆడబిడ్డ ఇంట్లో బిడ్డకు చెవులు కుట్టించాలి. గంగక్క మనవరాలికి కొత్త గౌను తొడిగి, ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆవు ఈనేటట్టుంది గనుక పుట్టమ్మ ఇంట్లోనే ఉండాలి.

అంజనప్ప స్టీరింగు ముందు కూర్చున్నాక, పుట్టమ్మ వెనక చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామా, ఒకతూరి బ్రేకు తొక్కి పట్టుకో."

"టైమైపోతా ఉంది."

"తొక్కు."

తొక్కాడు. చక్రం వెనకనుంచి ఒక బొట్టు, వెంటనే ఇంకొకటి. లేచి చూస్తే, అతని పాదం కింద పెడలు మెల్లగా దిగిపోతోంది.

"రెండుతూర్లు తొక్కితే నిలుస్తాది లే. వారం నుంచి అట్లే తోల్తా ఉండా."

ఆమెకు నాలుగు రోజులు. అతనికి వారం. గేరాయిలని చెప్పిన రోజే అతనికి తెలుసు.

పుట్టమ్మ తలుపు తీసి బిడ్డను చంకనెత్తుకుంది.

"చెవులు ఈడ కూడా కుడతారు, అత్తా. నువ్వూ దిగు."

మొగుడి బండి మీద నమ్మకం లేని ఆడదాన్ని ఎక్కడా చూడలేదన్నది గంగక్క. అంటూనే దిగింది. అంచెట్టిలో టమోటాల లోడు కాచుకొని ఉందని, డబ్బాలో మిగిలిన బ్రేకాయిలు పోసుకొని అంజనప్ప ఒక్కడే పోయాడు.

ఆ పొద్దు పుట్టమ్మ మరక కడగలేదు. దాని చుట్టూ ముగ్గు వేసింది.

మధ్యాహ్నం దాటినా వ్యాను రాలేదు. మీరు ఆ దోవలో పోతుంటే, నీలం రంగు పికప్ కనిపిస్తే, కాస్త ఆపి అతన్ని అడగండి, బ్రేకు ఎన్నోసారికి నిలుస్తోందని.