మావయ్య మార్చిన సైగలు

ఫోన్ మోగినప్పుడు మేమిద్దరం దుప్పటి మడతపెడుతున్నాం. పెద్ద దుప్పటిని ఇద్దరు మడతపెట్టడంలో ఒక సుఖం ఉంది. చెరో కొసా పట్టుకుని దగ్గరికి రావాలి, మూలలు కలపాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. పెళ్ళయిన కొత్తలో ఆ పని ఎంత నెమ్మదిగా చేస్తే అంత బాగుంటుంది. మా ఆయన ఒక చేత్తో కొస వదలకుండానే రెండో చేత్తో ఫోన్ తీశాడు. "ఊఁ... సరే సార్... అలాగే సార్" అన్నాడు. తర్వాత కొస వదిలేసి నేలమీద కూర్చున్నాడు.

"తీసుకున్నారు. దేశం జట్టులోకి."

నేను దుప్పటితో సహా ఆయన మీద పడ్డాను. ఆ నవ్వులకి అత్తయ్య తలుపు దాకా వచ్చి, మమ్మల్ని చూసి, మొహం తిప్పుకుని, అటు తిరిగే సంగతేమిటని అడిగింది.

మా ఆయన వాలీబాల్ సెట్టర్. బంతి ఎవరికి, ఎంత ఎత్తులో లేపాలో తేల్చేది సెట్టరే. కొట్టినవాడికి చప్పట్లు, లేపినవాడికి వేళ్ళనొప్పులు అంటుంది అత్తయ్య. ఇన్నాళ్ళూ ఆయన రాష్ట్రం జట్టుకి ఆడాడు. ఆ జట్టు కోచ్ మా మావయ్యే. బళ్ళో పనిచేసి రిటైరైనా ఊరందరికీ ఇంకా డ్రిల్లు మాస్టారే.

కబురు క్షణాల్లో వీధి చుట్టింది. ఎదురింటి ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీదినుంచే, "ఇన్నాళ్ళకి మన రాష్ట్రాన్ని గుర్తించారయ్యా" అన్నాడు. పక్కింటావిడ కూడా అదే మాట అంది. దేశానికి మంచి సెట్టర్ దొరికాడని ఒక్కరూ అనలేదు. నాది వేరే రాష్ట్రం కాబట్టి నాకది కాస్త తమాషాగా అనిపించింది.

మావయ్య మరీను. టీవీలో దేశం ఆడుతుంటే, కోర్టులో మనవాడొకడు ఉన్నంతసేపే చూస్తాడు. వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టగానే లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోస్తాడు. మా పెరడు అంత పచ్చగా ఉండటానికి కారణం అదేనని అత్తయ్య వేళాకోళం. అలాంటి మనిషి వచ్చి కొడుకు భుజం మీద చెయ్యివేశాడు. తర్వాత, "మొదటి ఆట ఎవరితో?" అని అడిగాడు.

"ఇక్కడే నాన్నా. విమానం ఎక్కేముందు ఒక ప్రాక్టీస్ మ్యాచ్ ఉంది. మనతోనే."

"మనతో అంటే?"

"అదే... మీతో."

మావయ్య చెయ్యి తీసేశాడు.

ఆ మ్యాచ్ ముందురోజు సాయంత్రం మా ఆయన స్టేడియం నుంచి కొత్త జెర్సీ తెచ్చాడు. నేను వెంటనే తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. మోకాళ్ళ దాకా వచ్చింది. వీపు మీద దేశం పేరు చదువుకోవడానికి మెడ తిప్పీ తిప్పీ కండరం పట్టేసింది. ఇంకోరోజైతే ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇవాళ మంచం అంచున కూర్చుని వేళ్ళు విరుచుకుంటున్నాడు.

"సైగలు అడిగారు" అన్నాడు.

ఆ సైగలు మావయ్య కనిపెట్టినవి. కాలర్ తాకితే బంతి నెట్ మధ్యలో పొట్టిగా వస్తుంది. మణికట్టు తుడుచుకుంటే ఎడమకి ఎత్తుగా. చూసేవాళ్ళకి చెమట తుడుచుకుంటున్నట్టే ఉంటుంది. ఈయన చిన్నప్పుడు తండ్రీ కొడుకులు భోజనాల బల్ల మీద చెంచాలు ఆటగాళ్ళుగా పేర్చి అవన్నీ కట్టుకున్నారట. పెళ్ళయ్యాక నాకూ నేర్పాడు. ఆయన అందరిలో కూర్చుని కాలర్ తాకాడంటే నేను ఏదో వంకతో వసారాలోకి రావాలి. అత్తయ్యకి ఇంతవరకూ తెలియదు. తెలిసినా తెలియనట్టుంటుంది.

"ఎవరడిగారు?"

"మా కొత్త కోచ్, దేశం జట్టాయన. రేపు నా స్థానంలో రాష్ట్రానికి ఆడే కుర్రాడు అవే సైగలు చేస్తాడుగా. అవి చెప్పమన్నాడు. నువ్వు ఎవరివాడివో రేపు తేలిపోవాలి, నీ మనసెక్కడుందో తెలియకుండా విమానం ఎక్కించలేను అన్నాడు. ఎలాగూ జట్టులోంచి ఇద్దర్ని ఇక్కడే వదిలేస్తారు."

"చెప్పేస్తే పోతుందిగా. ఉత్త ప్రాక్టీస్ మ్యాచ్. పైగా దేశం."

"నీకేం, ఎన్నయినా చెబుతావు. నీ రాష్ట్రం కాదుగా."

అప్పటిదాకా మాకు అన్నీ మనవే. నాది, నీది అని విడివిడిగా ఆయన నోట వినడం అదే మొదలు. జెర్సీ విప్పి మడతపెట్టాను. ఒక్కదాన్నే మడతపెట్టడం చప్పగా ఉంది.

ఇంతలో డాబా మీద అడుగుల చప్పుడు. మావయ్య రాష్ట్రం జట్టుని పిలిపించాడు. అత్తయ్య నా చేతికి టీ పళ్ళెం ఇచ్చింది. పైకి వెళ్ళేసరికి మావయ్య కొత్త సెట్టర్ ముందు నిలబడి చెవి తాకి చూపిస్తున్నాడు. పాత సైగల్లో చెవి లేదు. నాకు అర్థమైంది.

అందరికంటే పొడుగాటివాడు నవ్వుతూ, "మాస్టారూ, జాగ్రత్త. వదిన అవతలి జట్టు మనిషి" అన్నాడు.

"మా కోడలు ఇంటి మనిషిరా. కానివ్వండి" అన్నాడు మావయ్య. నేను కప్పులు అందిస్తున్నంతసేపూ అన్ని సైగలూ నా కళ్ళముందే చూపించాడు. ఇంకెప్పుడైనా ఆ మాటకి నేను గాల్లో తేలిపోయేదాన్ని.

అప్పుడే మెట్లమీద ఆయన కనిపించాడు. పాత స్నేహితుల్ని పలకరిద్దామని వస్తున్నాడు, మొహంలో మళ్ళీ పాత నవ్వు ఉంది. మావయ్య వెళ్ళి డాబా తలుపు వేసి గడియపెట్టాడు. పొడుగాటివాడు కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

నేను గడియ తీసుకుని కిందికి దిగేసరికి ఆయన మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను.

"నాన్న తలుపేశాడు, చూశావా?"

"చూశాను."

నా కడుపులో మాట దాగదు. ఆయనకి తెలియకుండా కొన్న చొక్కా రంగు కూడా ఇల్లు చేరకముందే నేనే చెప్పేశాను. నోరు తెరవబోతుంటే అరచేత్తో మూశాడు.

"చెప్పకు. తెలిస్తే చెప్పాల్సొస్తుంది."

భోజనాల దగ్గర ఎవరూ ఎవర్నీ చూడలేదు. చివరికి ఆయనే కదిపాడు. "తలుపెందుకు వేశావు నాన్నా?"

"సైగలు అడిగారా, లేదా?"

"అడిగారు."

"చెప్పావా?"

"లేదు."

"చెప్పవని నాకు తెలుసు. చెప్పకపోతే నిన్ను దింపేస్తారనీ తెలుసు. కోచ్‌గా నేనైనా అదే పని చేస్తాను. అందుకే అన్నీ మార్చేశాను. ఇక వెళ్ళి పాతవి నిక్షేపంగా చెప్పుకో. మాకు నష్టం లేదు, నీ సీటు నీకుంటుంది."

నా ప్రాణం లేచొచ్చింది. గడియ పెట్టింది ఇందుకా అనుకుని నవ్వబోయాను. మా ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"మారాయని తెలిసీ పాతవి చెబితే వాళ్ళని మోసం చేసినట్టు కాదా?"

"వాళ్ళు మనకి చేసిందేమిటిరా? ఎంతమంది పిల్లల్ని బెంచీ మీంచే ఇంటికి పంపారు?"

"పంపారు. నిజమే. కానీ రేపు నేను వాళ్ళ మధ్య నిలబడాలి. నా మాట నమ్మి పక్కవాడు బంతి రానిచోట అడ్డుకోవడానికి ఎగిరితే, కిందికి దిగాక వాడు చూసేది నా మొహమే."

"మరి డాబా మీదికొచ్చిన నీ వాళ్ళ మొహం?"

"అదీ చూడాలి. నాకు రెండూ కావాలి నాన్నా. అటు వెళ్తే కోచ్ ఎవరివాడివి అంటాడు. ఇటు వస్తే నువ్వు తలుపేస్తావు."

అత్తయ్య, "తిననివ్వండి వాణ్ణి" అంది గొంతు తగ్గించి. ఎవరూ తినడం లేదు.

"అయితే ఏం చేస్తావు?" అన్నాడు మావయ్య.

"రేపు మ్యాచ్‌కి ముందే వెళ్ళి కోచ్‌తో ఉన్నది చెప్పేస్తాను. పాతవి చెల్లవు, కొత్తవి మా ఆవిడకి తెలుసు, నేను అడగను అని. ఉండమంటే ఆడతాను. పొమ్మంటే జెర్సీ ఇచ్చేసి వస్తాను."

"పొమ్మంటాడు."

"అనొచ్చు."

మావయ్య కంచంలో వేలితో గీతలు గీశాడు. బల్ల కింద నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"పొద్దున్నే లే" అన్నాడు మావయ్య తల ఎత్తకుండా. "నా స్కూటర్ మీదే వెళ్దాం. స్టేడియం దాకా ఇద్దరం కలిసి. అక్కణ్ణించి ఎవరి గేటు వాళ్ళది."